వసతి పాఠశాలల నుంచి బతికి వచ్చిన ఆదివాసుల కోసం విరాళాలు: కెనడాలోని తెలుగు సంఘాలు ఎలా సేకరించాలి, ఎవరికి ఇవ్వాలి

ఏటా ఆగస్టు చివరి వారం వచ్చేసరికి నాకు ఒకే రకం ప్రశ్నలు వస్తుంటాయి. "సెప్టెంబరు 30కి మా సంఘం తరఫున ఏదైనా చేద్దామనుకుంటున్నాం, డబ్బు ఎవరికి పంపాలి?" "నారింజ రంగు చొక్కాలు కొని పంచితే చాలదా?" "వసతి పాఠశాలలో చదివిన ఒక పెద్దావిడను పిలిచి మాట్లాడించవచ్చా?" "పన్ను రసీదు వస్తుందా?" సెప్టెంబరు 30 అంటే కెనడాలో వసతి పాఠశాలల పాలైన పిల్లలను తలచుకుని నారింజ చొక్కాలు వేసుకునే రోజు. ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసేకంటే అంతా ఒకచోట పెట్టడం మేలనిపించింది. బ్రాంప్టన్‌లో ఉన్నా, కాల్గరీలో ఉన్నా, సర్రేలో ఉన్నా పద్ధతి దాదాపు ఇదే. ఇరవై కుటుంబాల చిన్న సంఘానికి కూడా పనికివస్తుంది.

మొదలుపెట్టే ముందు సంఘంలో అందరూ ఒక విషయానికి ఒప్పుకోవాలి. డబ్బు మనం ఇస్తాం. దాన్ని దేనికి వాడాలో అందుకునే ఆదివాసి సంస్థలవాళ్ళు నిర్ణయిస్తారు. దీనికి ఒప్పుకోనివారు కమిటీలో ఉంటే ఆ చర్చ ముందే ముగించండి. తరువాత వచ్చే చిక్కులన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

కనీసం తెలిసి ఉండవలసినది

1880ల నుంచి 1990ల చివరి దాకా కెనడా ప్రభుత్వం, చర్చిలు కలిసి నడిపిన ఈ వసతి పాఠశాలల్లో లక్షా యాభై వేల మందికి పైగా ఆదివాసి పిల్లలను, అంటే ఫస్ట్ నేషన్స్, ఇన్యుట్, మెటీ అనే మూడు సమూహాల పిల్లలను, ఉంచారు. 1920లో 'ఇండియన్ యాక్ట్' అనే చట్టాన్ని సవరించి 7 నుంచి 15 ఏళ్ళ పిల్లలను బలవంతంగానైనా బడికి చేర్చే అధికారం అధికారులకు ఇచ్చారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. చేరిన రోజే జుట్టు కత్తిరించేవారు. చాలా బడుల్లో పిల్లలను పేరుతో కాక అంకెతో పిలిచేవారు. తిరిగి ఇంటికి రాని పిల్లల్లో నాలుగు వేల మందికి పైగా పేర్లు ఇప్పటికే నమోదయ్యాయి. 2008 జూన్ 11న ప్రధాని స్టీఫెన్ హార్పర్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. న్యాయమూర్తి మరీ సింక్లేర్ అధ్యక్షతన ఈ బడుల చరిత్రను విచారించిన సత్య–సయోధ్య సంఘం (ట్రూత్ అండ్ రికన్సిలియేషన్ కమిషన్) 2015లో 94 పిలుపులు, అంటే సిఫారసులు, ఇచ్చింది. అందులో చివరి రెండూ వలస వచ్చిన మనకు సంబంధించినవే: కొత్తగా వచ్చేవారికి ఈ చరిత్ర నేర్పాలని 93, పౌరసత్వ ప్రమాణాన్ని మార్చాలని 94. 2021 జూన్ తరువాత పౌరులైనవారు ఫస్ట్ నేషన్స్, ఇన్యుట్, మెటీ ప్రజల హక్కులను గుర్తిస్తామని చేయెత్తి చెప్పే ఉంటారు.

"ప్రభుత్వం పరిహారం ఇచ్చేసింది కదా, మళ్ళీ విరాళం ఎందుకు?" అని సంఘంలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. 2007 సెప్టెంబరు 19న అమలులోకి వచ్చిన ఒప్పందం కింద, గుర్తించిన బడుల్లో ఉన్నవారికి మొదటి ఏడాదికి 10,000 డాలర్లు, ఆపై ప్రతి ఏడాదికీ 3,000 చొప్పున ఇచ్చారు. హింసకు గురైనవారికి వేరే విచారణ, వేరే పరిహారం ఉండేవి. అదంతా వ్యక్తులకు అందిన సొమ్ము. ఊళ్ళలో సామూహికంగా కోలుకునే పనులకు 1998 నుంచి నిధులిస్తూ వచ్చిన ఆబరిజినల్ హీలింగ్ ఫౌండేషన్ 2014లో మూతపడింది. ఆ పని మాత్రం ఆగేది కాదు. పెద్దలను దూరపు ఊళ్ళ నుంచి తీసుకొచ్చే బస్సు, సభలో భోజనం, భాష నేర్పే తరగతి, రాత్రివేళ ఫోను ఎత్తే మనిషి, వీటన్నిటికీ ఏటేటా డబ్బు వెతుక్కుంటూనే ఉంటారు.

కావలసినవి

ఇద్దరు బాధ్యులు: ఒకరు లెక్కలకు, ఒకరు అవతలి సంస్థతో మాట్లాడటానికి. మాట్లాడే మనిషి ప్రతిసారీ మారకూడదు.

కనీసం నాలుగు నెలల వ్యవధి. సెప్టెంబరు కోసం సెప్టెంబరులో మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే.

ఖర్చులకు వేరే డబ్బు. హాలు అద్దె, భోజనం, బ్యానరు విరాళాల నుంచి తీయకూడదు. అవి సంఘం సొంత నిధి నుంచి రావాలి.

సంఘం నమోదు పత్రాలు. మీది రిజిస్టరైన ఛారిటీనా, లాభాపేక్ష లేని సంస్థ మాత్రమేనా అన్నది ఇప్పుడే చూసుకోండి. ఈ రెండూ ఒకటి కావు. చాలా తెలుగు సంఘాలు రెండో రకం.

1. ముందు మాటలు సరిచేసుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. నా అనుభవంలో మాత్రం ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది.

'రెసిడెన్షియల్ స్కూల్' అనగానే మనకు సర్వేలు, తాడికొండ, కొడిగెనహళ్ళి గుర్తొస్తాయి. పరీక్ష రాసి సీటు తెచ్చుకుంటే ఊరంతా మెచ్చుకునే గురుకులాలు అవి. విజ్ఞప్తిలో ఆ మాట ఒక్కటే రాసి వదిలేస్తే చదివేవారికి "మంచి బడిలో చదివినవారికి సాయం దేనికి?" అన్న సందేహం వస్తుంది. 'గురుకులం' అన్న మాట ఎక్కడా వాడవద్దు. 'తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఉంచిన వసతి పాఠశాల' అని మొదటిసారి పూర్తిగా రాయండి.

'రెడ్ ఇండియన్లు' అన్న మాట మన పాత పాఠ్యపుస్తకాల నుంచి నోట్లో నిలిచిపోయింది. దాన్ని పూర్తిగా వదిలేయండి. 'ఇండియన్' అన్న మాట కెనడా చట్టంలోనూ కొన్ని సంస్థల పేర్లలోనూ ఉంది కాబట్టి ఆ పేర్లు చెప్పేటప్పుడు తప్పదు. మనంతట మనం వాడకూడదు. ఆదివాసులు అనండి. అంతకంటే మంచిది, మీ ఊరి దగ్గరి జాతి పేరు నేర్చుకుని పలకడం.

'బాధితులు' అనే కంటే 'బతికి వచ్చినవారు' అనండి. వాళ్ళు తమను తాము సర్వైవర్లనే చెప్పుకుంటారు. 'రాజీ' అన్న మాట కూడా వద్దు. రాజీ అంటే ఇద్దరూ కొంత కొంత తగ్గడం. ఇక్కడ తగ్గవలసింది ఇద్దరూ కాదు. 'సయోధ్య' నయం.

మా ఇళ్ళ నుంచి వచ్చే ఇంకో మాట: "మా దగ్గరా ఆశ్రమ పాఠశాలలు ఉన్నాయి, మాకూ ఇంగ్లిషు మీడియం రుద్దారు." మన ఏజెన్సీ ప్రాంతాల పిల్లల గురించి మాట్లాడటం అవసరమే. కానీ ఈ వేదిక మీద పోలికలు తెస్తే వాళ్ళ మాట పక్కకు పోతుంది.

మీరు వాడుకోవడానికి ఒక నమూనా:

"పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, వాళ్ళ భాషనూ పేరునూ మాన్పించడానికి కెనడాలో నడిపిన వసతి పాఠశాలల నుంచి బతికి వచ్చిన ఆదివాసి పెద్దలు మన ఊళ్ళోనే ఉన్నారు. వారు కలుసుకోవడానికి, కోలుకోవడానికి, తమ భాషను మనవలకు అందించడానికి పనిచేస్తున్న ఫలానా సంస్థకు మన సంఘం విరాళాలు సేకరిస్తోంది. డబ్బు నేరుగా ఆ సంస్థకే చెల్లించండి. రసీదు మీ పేరునే వస్తుంది. ఏ పనికి వాడాలో నిర్ణయం సంస్థదే."

2. ఎవరికి ఇవ్వాలో ఎంచుకోండి

మొదట మీ ఊరి ఫ్రెండ్‌షిప్ సెంటర్‌కు వెళ్ళండి. కెనడా అంతటా ఇలాంటివి వందకు పైగా ఉన్నాయి. నగరాల్లో ఉండే ఆదివాసి కుటుంబాలకు ఇవే కూడలి. దగ్గరివారికి ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం. మళ్ళీ మళ్ళీ కలుస్తారు, పొరపాటు జరిగితే ఎదురుగా కూర్చుని దిద్దుకోవచ్చు.

దేశవ్యాప్తంగా లేదా రాష్ట్రస్థాయిలో పనిచేసేవి కొన్ని: బ్రిటిష్ కొలంబియాలో ఇండియన్ రెసిడెన్షియల్ స్కూల్ సర్వైవర్స్ సొసైటీ, బతికి వచ్చినవారికీ వారి కుటుంబాలకూ మానసిక, సాంస్కృతిక తోడు ఇస్తుంది. విన్నిపెగ్‌లోని మానిటోబా విశ్వవిద్యాలయంలో ఉన్న నేషనల్ సెంటర్ ఫర్ ట్రూత్ అండ్ రికన్సిలియేషన్, వాంగ్మూలాలనూ రికార్డులనూ కాపాడుతోంది. 2000లో మొదలైన లెగసీ ఆఫ్ హోప్ ఫౌండేషన్ ఊరూరా తిరిగే ప్రదర్శనలు నడుపుతుంది. టొరంటో, మిస్సిసాగా వైపు ఉన్నవారికి బ్రాంట్‌ఫర్డ్‌లోని వుడ్‌ల్యాండ్ కల్చరల్ సెంటర్ దగ్గర. 1970లో మూతపడిన మోహాక్ ఇన్‌స్టిట్యూట్ భవనాన్ని, కూల్చివేయకుండా సాక్ష్యంగా నిలబెట్టాలని విరాళాలు సేకరించి బాగుచేసినది ఆ సంస్థే.

చొక్కాల సంగతి. ఫిలిస్ వెబ్‌స్టాడ్‌కు ఆరేళ్ళప్పుడు, 1973లో, బామ్మ కొనిచ్చిన కొత్త నారింజ చొక్కాను బడిలో చేరిన రోజే లాగేసుకున్నారు. ఆమె చెప్పిన ఆ కథ నుంచే 2013లో నారింజ చొక్కా దినం పుట్టింది. విలియమ్స్ లేక్‌లోని ఆరెంజ్ షర్ట్ సొసైటీ ఆ పనిని నడిపిస్తోంది. చొక్కా కొనాలనుకుంటే డబ్బు ఎవరికి చేరుతుందో అడిగి, ఆ సొసైటీ ఒప్పుకున్న దుకాణాల్లోనో ఆదివాసి కళాకారుల దగ్గరో కొనండి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికేవాటిలో చాలావాటి నుంచి వీళ్ళకు పైసా వెళ్ళదు. పండుగకు కొన్న కాషాయం కండువాతో సరిపెట్టవద్దు; చూసేవారికి అది వేరే అర్థమిస్తుంది.

3. సంస్థను సరిచూడండి

కెనడా రెవెన్యూ ఏజెన్సీ వెబ్‌సైటులో ఛారిటీల జాబితా ఉంది. సంస్థ పేరు వెతకండి. రిజిస్ట్రేషన్ సంఖ్యలో తొమ్మిది అంకెలు, ఆ తరువాత 'ఆర్‌ఆర్', ఆపైన నాలుగు అంకెలు ఉంటాయి. స్థితి 'రిజిస్టర్డ్' అని ఉండాలి. 'రద్దయింది' అని ఉంటే అక్కడితో ఆగండి.

అదే చోట టి3010 అనే వార్షిక నివేదిక ఉంటుంది. ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోగా దాన్ని సమర్పించాలి. ఆదాయం, ఖర్చు, బోర్డు సభ్యుల పేర్లు చూడండి. బోర్డులో ఆదివాసులే ఉన్నారా, వారి పేరు చెప్పి వేరెవరో నడుపుతున్నారా అన్నది నాకు ఖర్చుల శాతాల కంటే ముఖ్యం.

జాబితాలో కనబడలేదని వెంటనే తోసిపుచ్చవద్దు. చాలా ఫస్ట్ నేషన్లు ఛారిటీలుగా కాక, పాలన చేసే ప్రజాసంస్థలుగా వేరే జాబితాలో ఉంటాయి; అవీ రసీదు ఇవ్వగలవు. ఏ జాబితాలోనూ లేని చిన్న బృందానికి ఇవ్వాలంటే రసీదు ఆశించకుండా ఇవ్వండి, లేదా ఒక ఛారిటీ ద్వారా పంపండి. 2022లో చట్టం మారాక, లెక్కలు సరిగ్గా చూపితే ఛారిటీలు ఇలాంటి బృందాలకూ నిధులు ఇవ్వవచ్చు.

వ్యక్తుల పేరున ఉన్న ఆన్‌లైన్ సేకరణల జోలికి సంఘంగా వెళ్ళకండి.

4. సేకరించే ముందు అడగండి

సంస్థ పేరు, చిహ్నం ప్రచారంలో వాడటానికి లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోండి. డబ్బు ఎలా సేకరించబోతున్నారో కూడా చెప్పండి. ఇది ఎందుకంటే, వినాయక చవితి లడ్డూ వేలం పాటలో వచ్చిన మొత్తం ఇద్దామని చాలా సంఘాలు అనుకుంటాయి. ఆలోచన మంచిదే. అయితే ఆ బడులను నడిపింది చర్చిలు. మతం పేరుతో జరిగిన గాయం కాబట్టి, ఏ మతపు వేడుక నుంచి వచ్చిన సొమ్మయినా ముందు చెప్పడం మర్యాద. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. తెలుగు క్రైస్తవ సంఘాలు ఈ మెట్టు దగ్గర ఇంకాస్త నిదానించాలి: మీ శాఖ ఆ బడులను నడిపిందా అన్నది ముందే తెలుసుకుని వెళ్ళండి.

"మీకు ఏం కావాలి?" అని అడిగాక, వచ్చిన జవాబును దిద్దకండి. పిల్లల పుస్తకాలు కావాలంటారని మీరు అనుకుని ఉండవచ్చు. వాళ్ళు పెట్రోలు ఖర్చులు అడగవచ్చు.

5. సేకరణ, రసీదులు

తేలికైన దారి: ప్రతి కుటుంబమూ సంస్థ సొంత పేజీలోనో కెనడాహెల్ప్స్ అనే విరాళాల వెబ్‌సైటులోనో నేరుగా చెల్లించడం. రసీదు ఎవరికి వారికి వస్తుంది. సంఘం మొత్తం ఎంతో లెక్క మాత్రం చూసుకుంటుంది. కెనడాహెల్ప్స్ కొంత రుసుము తీసుకుంటుంది కాబట్టి సంస్థ సొంత పేజీ ఉంటే అదే వాడండి. బ్యాంకుల్లో, ఐటీ సంస్థల్లో పనిచేసేవారు తమ యజమాని సమానంగా విరాళం కలిపే పథకం ఉందేమో తప్పక అడగండి. ఒక్క ఈమెయిలుతో మొత్తం రెట్టింపు కావచ్చు. మనవాళ్ళలో సగం మంది అది వాడుకోరు.

సంఘం ఖాతాలో పోగుచేసి ఒకే చెక్కుగా ఇస్తే ఇచ్చినవారికి రసీదు రాకపోవచ్చు. దాతల పేర్లు, మొత్తాల జాబితా ఇస్తే విడివిడిగా రసీదులు ఇస్తారా అని ముందే అడగండి. మీ సంఘం ఛారిటీ కాకపోతే మీ పేరున పన్ను రసీదు రాసివ్వడం చట్టవిరుద్ధం. 'ఉత్తుత్తి రసీదే కదా' అనుకోవద్దు.

బదులుగా ఏదైనా అందుకుంటే దాని విలువ తీసేసి మిగిలినదానికే రసీదు. 50 డాలర్ల భోజనం టిక్కెట్టులో భోజనం విలువ 20 అయితే రసీదు 30కే. భోజనం విలువ టిక్కెట్టులో 80 శాతం దాటితే అసలు రసీదే ఉండదు.

హెచ్చరిక: తంబోలా, లక్కీ డ్రా. మన కార్యక్రమాల్లో ఇవి లేకుండా ఉండవు. కెనడాలో డబ్బు తీసుకుని ఆడించే తంబోలా, లక్కీ డ్రా జూదం కిందికే వస్తాయి. రాష్ట్రం లేదా నగరపాలక సంస్థ లైసెన్సు కావాలి. లేకపోతే మానేయండి. బదులుగా పిండివంటల దుకాణం, పిల్లల నడక, పాట కచేరీ పెట్టుకోవచ్చు.

6. సభ పెడితే

సభ తప్పనిసరి కాదు. డబ్బు ఒక్కటే పంపినా పని జరుగుతుంది. పెట్టాలనుకుంటే మాత్రం ఈ భాగం రెండుసార్లు చదవండి, ఎందుకంటే మేము తప్పు చేసింది ఇక్కడే.

మొదటి ఏడాది మా సంఘం సాయంత్రపు కార్యక్రమంలో రెండు నృత్యాల మధ్య ఒక పెద్దావిడకు పది నిమిషాలు కేటాయించాం. ఆ పట్టిక రాసింది నేనే. "మీకు ఏం జరిగిందో పిల్లలకు చెప్పండి" అని మైకు ఇచ్చాం. వెనక ప్లేట్ల చప్పుడు, పిల్లల పరుగులు. ఆమె రెండు వాక్యాలు మాట్లాడి, చాలాసేపు ఆగి, కూర్చుండిపోయారు. ఆమెను ఇంటికి దించడానికి వెళ్ళిన మా అబ్బాయి దారంతా ఏమీ మాట్లాడలేకపోయాడు. మరుసటి వారం వెళ్ళి క్షమాపణ చెప్పాను. "పిలిచే ముందు ఒకసారి వచ్చి నాతో టీ తాగి ఉంటే బాగుండేది" అన్నారు. అప్పటి నుంచి మేము పాటిస్తున్నవి:

సెప్టెంబరు 30న పిలవకండి. 2021 నుంచి అది ఫెడరల్ సెలవు రోజు. ఆ ఒక్క రోజే ప్రతి బడీ, ప్రతి ఆఫీసూ వారినే పిలుస్తుంది. పైగా కొన్ని ఏళ్ళలో అదే వారంలో మన బతుకమ్మ, దసరా కూడా వస్తాయి. 2025లో సద్దుల బతుకమ్మ సరిగ్గా ఆ రోజే వచ్చింది. ఫిబ్రవరిలోనో నవంబరులోనో పెట్టుకోండి. బతుకమ్మ దగ్గర విరాళాల బల్ల ఒకటి వేయవచ్చు, పాటల మధ్య సాక్ష్యం చెప్పించవద్దు.

పిలిచే పద్ధతి అడిగి తెలుసుకోండి. మనం బొట్టు పెట్టి తాంబూలంతో పిలిచినట్టు, అనేక ఫస్ట్ నేషన్లలో పెద్దలను ఏదైనా కోరేటప్పుడు గుడ్డలో కట్టిన పొగాకు చేతికిచ్చి కోరతారు. ఇన్యుట్ పెద్దలకు ఇది వర్తించదు. ఫ్రెండ్‌షిప్ సెంటర్‌వారు ఏది సరైనదో చెబుతారు. 'ఎల్డర్' అంటే వయసు మళ్ళిన ప్రతివారూ కారని కూడా గుర్తుంచుకోండి. ఆ సమాజం గుర్తించినవారే.

గౌరవ పారితోషికం ఇవ్వండి. అదే రోజు, కవరులో, సభకు ముందే లేదా ముగిసిన వెంటనే. ఎంతన్నది సంస్థను అడగండి. ప్రయాణం ఖర్చు, తోడు వచ్చేవారి ఖర్చు దీనికి అదనం. శాలువా కప్పి సరిపెట్టకండి.

గాయాల గురించి చెప్పమని అడగవద్దు. భాష గురించి, మనవల గురించి, తమకు ఏం కావాలో దాని గురించి మాట్లాడటం వాళ్ళ ఇష్టం. ఫోటోకూ వీడియోకూ విడివిడిగా అనుమతి తీసుకోండి. రికార్డు చేస్తే అది ఎవరి దగ్గర ఉండాలో వారే చెప్పాలి.

తోడుగా శిక్షణ ఉన్న సహాయకులను పిలవండి, ఒక ప్రశాంతమైన గది ఉంచండి. సేజ్ లేదా స్వీట్‌గ్రాస్ అనే మూలికలతో పొగ వేసే ఆచారం ఉంటే, మన సాంబ్రాణికి చేసినట్టే హాలువారికి ముందే చెప్పి పొగ అలారం సంగతి చూసుకోండి. కన్నీళ్ళు తుడిచిన కాగితాలను చెత్తబుట్టలో వేయకుండా కాగితపు సంచుల్లో పోగుచేసి, తరువాత పవిత్రాగ్నికి అర్పించడం చాలా సభల్లో ఆచారం. సత్య–సయోధ్య సంఘం సభల్లోనూ ఇలాగే చేశారు. సంచులు సిద్ధంగా ఉంచండి.

ఎవరికైనా తట్టుకోలేని బాధ కలిగితే 1-866-925-4419 నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. వసతి పాఠశాలల నుంచి బతికి వచ్చినవారికీ వారి కుటుంబాలకూ ఉద్దేశించిన జాతీయ సహాయవాణి అది. కరపత్రం మీద వేయండి.

7. డబ్బు అందజేయడం

పెద్ద అట్ట చెక్కుతో ఫోటో వద్దు. సేకరణ ముగిసిన రెండు వారాల్లోగా పంపండి. వెంట ఒక ఉత్తరం: మొత్తం ఎంత, ఎన్ని కుటుంబాలు ఇచ్చాయి, "మీకు అవసరమైన ఏ పనికైనా వాడుకోండి" అన్న ఒక్క వాక్యం. ఈ వాక్యం లేకపోతే కొందరు ఆ సొమ్మును ఒక ప్రత్యేక పనికే కట్టుబడినట్టు భావించి ముట్టుకోరు.

8. సరిగ్గా జరిగిందా అని చూసుకోవడం

నెలలోగా: సంస్థ నుంచి అందినట్టు సమాచారం వచ్చిందా? మీ లెక్కలో ఉన్న మొత్తం, వారికి అందిన మొత్తం ఒకటేనా? తేడా ఉంటే రుసుముల వల్లనా అన్నది చూడండి. రసీదులు అందరికీ చేరాయా? ఆ ఏడాది పన్నులో చూపాలంటే సాధారణంగా డిసెంబరు 31లోగా చెల్లించి ఉండాలి.

ఆరు నెలలకు: ఒక ఫోను. నివేదిక అడగడానికి కాదు. "మా వల్ల ఏదైనా ఇబ్బంది కలిగిందా? వచ్చే ఏడాది మేము ఏది మార్చాలి?" అని రెండే ప్రశ్నలు. చిన్న సంస్థల్లో నివేదిక రాయడానికి మనుషులు ఉండరు. వాళ్ళ సమయం తినే దాత కంటే అసలు లేని దాతే నయం. లబ్ధి పొందినవారి ఫోటోలు, పేర్లు ఎప్పుడూ అడగవద్దు.

మీ వైపు చూసుకోవలసింది ఒకటుంది. సభ్యుల్లో ముగ్గురిని అడగండి: ఈ ఊరు ఏ జాతి నేల మీద ఉంది, ఆ బడులు ఎందుకు నడిచాయి, డబ్బు ఎవరికి వెళ్ళింది? ముగ్గురిలో ఒక్కరే చెప్పగలిగితే సేకరణ బాగానే జరిగింది, ప్రచారం జరగలేదు. ఒకటో మెట్టుకు తిరిగి వెళ్ళండి.

సంఘం లేనివారికి: నెలకు 10 డాలర్లు తమంతట కట్ అయ్యేలా పెట్టుకోవడం, ఏడాదికొకసారి 120 ఇవ్వడం కంటే సంస్థకు ఎక్కువ ఉపయోగం, వచ్చే నెల ఎంత వస్తుందో వారికి తెలుస్తుంది. అమెరికాలో ఉన్నవారికి అక్కడి బోర్డింగ్ స్కూళ్ళ విషయంలో మినియాపొలిస్ కేంద్రంగా నేషనల్ నేటివ్ అమెరికన్ బోర్డింగ్ స్కూల్ హీలింగ్ కొయలిషన్ పనిచేస్తోంది. పన్ను నియమాలు వేరు, పైన చెప్పిన మర్యాదలు అవే.

ఈ వారమే చేయవలసింది: దగ్గరి ఫ్రెండ్‌షిప్ సెంటర్ నంబరు వెతికి, మాట్లాడే బాధ్యుని పేరు ఖరారు చేసి, ఏదో ఒక పనిదినాన, చేతిలో ఏ ప్రణాళికా లేకుండా, అరగంట కలవవచ్చా అని అడగండి.